బ్రేకుకు పెట్టిన బొట్టు

పోయిన వారం రాధారాణి మేడమీది లిఫ్టు గది ముందు ఒక చేతిలో తాళంచెవి, ఇంకో చేతిలో టార్చిలైటు పట్టుకుని నిలబడిపోయింది. మనకు వారం గడిచింది గాని పాపం ఆవిడకు గడిచింది అరనిమిషమే. ఆ అరనిమిషంలో మూడుసార్లు తాళంచెవిని పిట్టగోడ మీంచి విసిరేద్దామనుకుంది. మూడుసార్లూ కింద టమాటాల బండివాడి నెత్తి కనిపించి మానుకుంది.

సంగతి తెలిసిందే. ఖరగ్‌పూర్ తాల్‌బగీచాలోని ఆ ఐదంతస్తుల భవనంలో గురువారం నాడు మూడో అంతస్తు సింహాచలమ్మ లిఫ్టు దిగబోయి పడింది. గడపకు సమానంగా ఆగవలసిన లిఫ్టు జానెడు పైన ఆగింది. డెబ్భై రెండేళ్ళ మనిషి, నేల ఉందనుకుని అడుగేసింది. లేకపోయేసరికి కుడిచెయ్యి ఆన్చింది. మణికట్టు విరిగింది.

తప్పెవరిదన్న ప్రశ్నకు భవనం సెక్రటరీ, రాధారాణి భర్త ఈశ్వరరావు, అరగంటలో జవాబు కనిపెట్టాడు. నెలనెలా వచ్చి లిఫ్టు చూసి కార్డు మీద సంతకం చేసి వెళ్ళే మెకానిక్ నూకరాజుది. ఆదివారం పదకొండు గంటలకు కింద బళ్ళు పెట్టుకునే చోట మీటింగు అని వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. నూకరాజును తీసెయ్యమని కంపెనీకి ఉత్తరం టైపు చేయించాడు. మీటింగు మొదలయ్యేలోపు లిఫ్టుకేమొచ్చిందో నూకరాజు విప్పి చూసి, కార్డు మీద రాసివ్వాలి. సాక్ష్యం కోసం ఇంట్లో మనిషిని పంపాడు, టార్చిలైటు పట్టమని.

లిఫ్టుకేమొచ్చిందో ఆ భవనంలో తెలిసిన మనిషి ఒక్కరే. టార్చిలైటు పట్టుకున్నావిడ.

“తాళం రాట్లేదా పిన్నీ? ఇలాగివ్వండి, నాను తీస్తాను,” అన్నాడు నూకరాజు వెనకనుంచి.

“వస్తోందిలే,” అని రాధారాణి తాళం తీసింది.

తలుపు మీద ఈశ్వరరావు స్వహస్తాలతో అంటించిన కాగితం ఉంది. తెలుగు, హిందీ, బంగ్లా మూడు భాషల్లోనూ ఒకటే మాట: మెకానిక్ తప్ప మరెవరూ లోపలికి వెళ్ళరాదు. రాధారాణి ఆ కాగితాన్ని ఈ రెండు నెలల్లో ఎన్నోసార్లు చదివింది. ఏ భాషలో చదివినా మొహం మీద కొట్టినట్టే ఉంది.

నూకరాజు నిమ్‌పురా కుర్రాడు. కుర్రాడంటే ముప్ఫై అయిదేళ్ళవాడే, ఇద్దరు పిల్లల తండ్రి. వాళ్ళ నాన్న రైల్వే వర్క్‌షాపులో ఈశ్వరరావు కింద పనిచేశాడు కాబట్టి ఈయన బాబాయి, ఈవిడ పిన్ని. లోపలికి వస్తూనే యంత్రాన్ని రెండు వేళ్ళతో తాకి కళ్ళకద్దుకున్నాడు. తర్వాతే మెయిన్ స్విచ్చి కట్టేశాడు. లిఫ్టును అప్పటికే అయిదో అంతస్తుకు తెచ్చి, అవతల తాళ్ళకు వేలాడే ఎదురుబరువును అడుగున దిమ్మె మీద ఆనించి వచ్చాడు.

“ఇంక ఇది కదలదు పిన్నీ. బయపడకండి.”

ఆవిడ భయం అది కదులుతుందని కాదు.

“లైటు ఇలాగట్టండి. కొంచెం ఎడంపక్కకి. ఆఁ, అదే. తలుపుకాడే ఆగిపోనారేటి?”

“మెట్లెక్కి వచ్చాను కదా.”

టార్చి వెలుగులో ఒక పక్క మోటారు, ఇంకో పక్క తాళ్ళు చుట్టుకున్న పెద్ద చక్రం. మధ్యలో నున్నగా మెరిసే ఉక్కు డబ్బా ఒకటి. దాన్ని రెండువైపులా ఇనుపచేతులు పట్టుకుని ఉన్నాయి.

“అదే బ్రేకు,” అన్నాడు నూకరాజు పానా తిప్పుతూ. “లిఫ్టు నడిసినప్పుడు సేతులు ఇప్పుతాది. ఆగినప్పుడు గట్టిగా వాటేసుకుంటాది. అంతే దాని పని. ఆ పట్టు జారిందనుకోండి, కాలీగానో ఒక్క మనిసితోనో లిఫ్టు పైకి పోయినప్పుడు ఆగాల్సిన కాడ ఆగదు. పైకి జారిపోతాది. ముసలమ్మకి అయింది అదే.”

రాధారాణికి ఆ డబ్బాతో ముందే పరిచయం ఉంది.

విశ్వకర్మ పూజ నాడు ఖరగ్‌పూర్‌లో బొట్టు లేని యంత్రం ఉండదు. వర్క్‌షాపులో లేతు మిషన్లకీ, బజారులో కుట్టుమిషన్లకీ, స్టేషను బయట టోటో రిక్షాలకీ అన్నిటికీ సిందూరమే, బంతిపూల దండలే. సర్వీసులో ఉన్నన్నాళ్ళూ ఈశ్వరరావు ఆ ఒక్కరోజు భార్యను వర్క్‌షాపులోకి తీసుకెళ్ళేవాడు. తను చేరిన కొత్తలో పనిచేసిన లేతు మిషను ముందు నిలబెట్టి, “ఇదిగో, ఇదే” అనేవాడు. ముప్ఫై ఏళ్ళూ అదే మాట. పెళ్ళిచూపుల్లో రాధారాణిని చూసి కూడా ఆయన మొహం అంత వెలగలేదు.

ఈ ఏడు మార్చిలో ఆయన రిటైరయ్యాడు. సెప్టెంబరు పదిహేడున, పూజ రోజు, పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఎక్కడికీ వెళ్ళకుండా కుర్చీలో కూర్చున్నాడు. చేతిలో పేపరు ఉంది. అది తలకిందులుగా లేదు గాని, ఉన్నా ఆయనకు తెలిసేది కాదు.

భోజనం చేసి ఆయన నడుం వాల్చాక రాధారాణి చిన్న గిన్నెలో సిందూరం ఆవనూనెతో కలిపింది. మిక్సీకి పెట్టింది. స్కూటరుకు పెట్టింది. ఇంకా గిన్నెలో మిగిలింది. నెత్తిమీద అంత పెద్ద యంత్రం బోడిగా కూర్చుని ఉంటే మిక్సీకి పెట్టి ఊరుకోవడం ఏమి మర్యాద? తాళంచెవి తీసుకుని పైకి వెళ్ళింది. యంత్రమంతా నలుపు, జిడ్డు. ఆ ఉక్కు డబ్బా ఒక్కటే గుండ్రంగా, నున్నగా, బొట్టు పెట్టమని నుదురు చూపిస్తున్నట్టు ఉంది. మూడు బొట్లు పెట్టింది. పైన చదునుగా ఉన్న చోట ప్రమిదలో ఇంకాస్త ఆవనూనె పోసి దీపం పెట్టింది. దండం పెట్టుకుంది. ఏమని మొక్కుకుందో మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఆయన మొహంలోకి మళ్ళీ ఆ వెలుగు రావాలని.

ఈలోగా కింద ఎవరో లిఫ్టు పిలిచారు. యంత్రం ఒక్కసారి ఒళ్ళు విరుచుకుంది. ప్రమిద ఒరిగింది.

“ఇదేటిది?” అన్నాడు నూకరాజు.

ఇనుపచేతిని ఊడదీసి, లోపలి పట్టీని టార్చి కిందకు తెచ్చాడు. గరుకుగా ఉండవలసిన పట్టీ, మాడిన అట్టులా నల్లగా నిగనిగలాడుతోంది. అంచులో సన్నగా ఎర్రటి గీత. గోటితో గీకి చూశాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మళ్ళీ పెట్టుకున్నాడు.

“మెషీను ఆయిలు కాదు. ఆవనూనె. సిందూరం.” అతనికి నవ్వొచ్చింది. “బ్రేకుకి బొట్టెవులు ఎట్టినారు పిన్నీ? మిత్రా దాదా వాళ్ళ ఆవిడేనేటి? ఆవిడకి పూజలెక్కువ.”

ఎంత సులువైన సందు! ఒక్క తల ఊపు చాలు. భవనం ప్రెసిడెంటు మిత్రా దాదా భార్య మేదినీపూర్‌లో కూతురి దగ్గర ఉంది, వచ్చే నెలదాకా రాదు. రాధారాణి తల ఊపలేదు. ఊపకపోయినా, ఊపుదామని అనుకున్నందుకు చెవులు వేడెక్కాయి.

“ఎవులో గాని, దేవుడు కాపాడినాడు,” అన్నాడతను. “బొట్టు ఎడతన్నప్పుడు కింద ఎవులైనా బటన్ నొక్కుంటే? సెయ్యి లోపలికి లాక్కుపోను. ఏళ్ళు మిగలవు.”

తన వేళ్ళ గురించి అతను అలా బాధపడుతుంటే రాధారాణి టార్చిని రెండు చేతులా పట్టుకుంది.

ఆ వేళ్ళతోనే కదా కొలిచింది. పూజైన వారానికి లిఫ్టు రెండు వేళ్ళ పైన ఆగడం మొదలెట్టింది. అత్తెసరుకు నీళ్ళు కొలిచే వేళ్ళు, వాటికి తప్పు తెలియదు. ఒకసారి పైకొచ్చి పాత చీరముక్కతో కనిపించిన నూనెంతా తుడిచింది. సరిపోతుందనుకుంది. దసరాకు మూడు వేళ్ళయింది. మోటారు చప్పుడు విని “ఫస్టు క్లాసుగా ఉంది” అని ఈశ్వరరావు రోజూ సర్టిఫికెట్టు ఇస్తూనే ఉన్నాడు. దీపావళికి నాలుగు. ప్రతిసారీ ఆవిడ లిఫ్టు దిగేటప్పుడు ముందు కాలి వేళ్ళతో నేల వెతుక్కుని దిగేది. తను మాత్రం జాగ్రత్తగానే దిగింది. ఎవరికీ చెప్పలేదు. చెబితే తలుపు మీద కాగితం చదవలేదా అంటాడాయన, నలుగురిలో.

“పిన్నీ, ఈ గది తాళంచెవులు ఎవరెవరి దగ్గరుంటాయి?”

నవ్వు లేదు ఇప్పుడు ఆ గొంతులో.

“మీ బాబాయి దగ్గరొకటి. నా దగ్గరొకటి.”

నూకరాజు పట్టీని అటూ ఇటూ తిప్పుతూ ఉండిపోయాడు.

“అక్టోబరులో నానొచ్చినాను కదా,” అన్నాడు చివరికి, పట్టీతో చెబుతున్నట్టు. “తాళం బాబాయి పట్టుకుపోయినారన్నారు. టీ ఇచ్చినారు. రెండు సందేశ్ మిఠాయిలు ఎట్టినారు.”

“నా బొడ్లోనే ఉంది తాళం,” అంది రాధారాణి.

అనేసింది. యాభై నాలుగేళ్ళ మనిషి, బి.ఏ. చదివిన మనిషి, దొంగతనం బయటపడ్డ పిల్లలా గోడకు ఆనుకుని నిలబడింది. “నువ్వు చూస్తే మీ బాబాయికి చెబుతావని. తర్వాత నేనే ఎలాగో సరిచేద్దామని. తుడిచాను కూడా నూకరాజూ.”

“తుడిస్తే పోదు పిన్నీ. తాగేసింది. కొత్తది వెయ్యాల.” కాసేపాగి, “ఒక్క మాట సెప్తే అప్పుడే మార్సేద్దును. ముసలమ్మ సెయ్యి ఉండీది.”

తిట్టి ఉంటే బాగుండేది. ఈశ్వరరావులా చెయ్యి ఊపుతూ అరిచి ఉంటే ఎదురు ఏదో ఒకటి అనడానికి ఉండేది. అతను మామూలుగా అన్నాడు.

నూకరాజు చేతులు గుడ్డకు తుడుచుకుని, సంచిలోంచి కార్డు తీశాడు. అక్టోబరు గడిలో అతని రాత ఉంది: అన్నీ చూశాను, బాగున్నాయి. పక్కన భవనం తరఫున సంతకం. రాధారాణి. ఎంత ముచ్చటగా పెట్టుకుందో, చివర తోక కూడా సాగదీసింది.

“సూడకుండా సూసినానని రాసినాను. ఆ రోజు ఇంకా నాలుగు బిల్డింగులున్నాయి, పోన్లే అనుకున్నాను. అది నా తప్పే కదా,” అంటూ నవంబరు గడిలో నాలుగు ముక్కలు రాసి ఆవిడ వైపు తిప్పాడు. “ఇక్కడ సంతకం ఎట్టెయ్యండి.”

ఆవిడ చదివింది. గేరు సీలు కారి బ్రేకు మీద ఆయిలు పడింది. మెకానిక్ చూసుకోలేదు.

“గేరు సీలు కారుతోందా?”

“లేదు. సుబ్బరంగా ఉంది.”

“మరి ఇదేమిటి?”

“నిజం రాయడానికి ఆ గడి సాలదు పిన్నీ.” అతను పానాలు సంచిలో సర్దడం మొదలుపెట్టాడు. “నాన్నకి కాలు నలిగినప్పుడు బాబాయి ఏడాది పాటు కుర్సీ పని ఇప్పించినారు. లేపోతే మేం ఊరెళ్ళిపోయుందుం. ఆయనింటి మాట నలుగురి నోట్లో పడకూడదు. మా ఆవిడ తబితకి నిన్నే సెప్పేసినాను, పని పోవచ్చని.”

“ఏమంది?”

“ఏటంటాది? యాక్సిడెంటు పేరుతో పోతే ఇంకో లిఫ్టు కంపెనీ తీసుకోదు, అది తెలుసు దానికి. వాళ్ళన్న నూడుల్స్ బండి ఉంది గోల్‌బజార్‌లో, నిలబడతావా అంది.” కొంచెం నవ్వాడు. “దానికి బ్రేకు లేదు లెండి. హాయి.”

పన్నెండేళ్ళు లిఫ్టులు బాగుచేసిన చేతులు. యంత్రాన్ని ముట్టుకునే ముందు కళ్ళకద్దుకునే చేతులు. రాధారాణికి మొక్కు గుర్తొచ్చింది. ఒకాయన మొహంలోకి వెలుగు రావాలని మొక్కితే, ఇంకొకడి ఇంట్లో దీపం ఆరుతోంది.

“పెన్ను ఇటివ్వు.”

అతని రాత మీద అడ్డంగా ఒక గీత గీసింది. కార్డు వెనక్కి తిప్పింది. అక్కడ గడులు లేవు, చోటు కావలసినంత ఉంది.

‘సెప్టెంబరు పదిహేడున ఈ గదిలోకి అనుమతి లేకుండా వచ్చి, బ్రేకుకు ఆవనూనెతో సిందూరం పెట్టినదీ, దీపం ఒలికించినదీ నేను. అక్టోబరులో అబద్ధం చెప్పి మెకానిక్‌ను లోపలికి రానివ్వనిదీ నేను. లిఫ్టు సరిగ్గా ఆగడం లేదని తెలిసి ఊరుకున్నదీ నేనే.’

ఇంతకాలం కాపురంలో సరుకుల చీటీ కాకుండా భర్త చదవడానికి ఆవిడ రాసిన మొదటి కాగితం అది. సంతకం పెట్టింది. ఈసారి తోక సాగదీయలేదు.

“వొద్దు పిన్నీ...”

“సంచి తీసుకో. పద.”

లిఫ్టు కట్టేసి ఉంది కాబట్టి మెట్లే. అయిదంతస్తులు దిగడం అంత పొడుగని రాధారాణికి తెలియదు. మూడో అంతస్తు గడప దగ్గర సింహాచలమ్మ చెప్పు ఒకటి ఇంకా అలాగే బోర్లా పడి ఉంది. ఆవిడ వంగి దాన్ని తీసి, తలుపు పక్కన సరిగ్గా పెట్టింది. రెండో అంతస్తులో ఉండే జెనీ తలుపు వేస్తూ ఎదురైంది.

“ఆంటీ, పట్టుకొచ్చేసినారా దొంగని?” నూకరాజు వింటుండగానే అంది. “ఈరోజు వదలకండి. అంకుల్ నిన్నట్నుంచీ స్పీచి ప్రాక్టీసు చేస్తున్నారు, మా వంటింట్లోకి వినబడతన్నాది.”

నూకరాజు తల దించుకుని ముందుకు వెళ్ళిపోయాడు. రాధారాణి నోరు తెరిచింది. కార్డును ఇంకాస్త గట్టిగా పట్టుకోవడం తప్ప ఏమీ చెయ్యలేకపోయింది.

కింద ఇరవై ప్లాస్టిక్ కుర్చీలు. ముందువరసలో సింహాచలమ్మ, కట్టుకట్టిన చెయ్యి మెడకు వేలాడుతోంది.

“కుర్సీలో కూకోబెట్టి ఇద్దరు మోసుకొచ్చినారే రాధా,” అంది నోరారా నవ్వి. “పెళ్ళిలో కూడా నన్నెవులూ ఎత్తుకోలేదు. నువ్వేటి, మొహం అలా పీక్కుపోయింది? నా సెయ్యి గురించేనేటి? పోనిద్దూ.”

రాధారాణి ఆవిడ పక్కన కూలబడింది.

ఈశ్వరరావు లేచి నిలబడ్డాడు. ఇస్త్రీ చొక్కా. “ముప్ఫై ఎనిమిదేళ్ళు వర్క్‌షాపులో పనిచేసినాను. ఒక్క మాట నేర్చుకున్నాను. యాక్సిడెంటు అవదు. ఎవడో చేస్తాడు. ఆ ఎవడో తప్పించుకోకూడదు.”

“ఠీక్ బాత్, రావ్ బాబూ,” అన్నాడు ప్రెసిడెంటు మిత్రా దాదా. “కార్డ్ దిఖాయియే.”

రాధారాణి లేచి కార్డు అందించింది. వెనక వైపు పైకి పెట్టి ఇచ్చింది. భర్త కళ్ళలోకి చూద్దామనుకుని ఆయన చొక్కా గుండీ దాకా చూడగలిగింది.

ఈశ్వరరావు కళ్ళజోడు పెట్టుకున్నాడు. రూల్సు చదివే గొంతుతో అందరికీ వినబడేలా మొదలుపెట్టాడు. “సెప్టెంబరు పదిహేడున ఈ గదిలోకి అనుమతి లేకుండా వచ్చి...”

“ఎవులు వెళ్ళినారు?” అని ఒకరు, “నేను అప్పుడే అనుకున్నాను” అని ఇంకొకరు. ఈశ్వరరావు చెయ్యెత్తి అందర్నీ ఆపాడు. తర్వాతి వరస మీదికి కళ్ళు వెళ్ళాయి. తర్వాత ఇంకో వరస. తర్వాత అడుగున ఉన్న సంతకానికి. అక్కడ ఆగిపోయాయి.

సెప్టెంబరు పదిహేడు. ఆ రోజు తను వేసుకున్నది ఏ చొక్కానో కూడా గుర్తొచ్చినట్టుంది, చెయ్యి ఒకసారి కాలరు తడుముకుంది. రాధారాణికి ఒక్క క్షణం ఆశ కలిగింది.

ఆయన కార్డును రెండు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

“మిగతాదంతా టెక్నికల్,” అన్నాడు. గొంతు సవరించుకున్నాడు. “మీకు అర్థం కాదు. మెకానిక్‌దే తప్పు. ఉత్తరం మీద సంతకాలు కానిద్దాం.”

వెనక స్తంభం దగ్గర నూకరాజు పానాల సంచి భుజానికి తగిలించుకున్నాడు. అతను ఏమీ అనడు. అనడని రాధారాణికి తెలుసు. ఇప్పుడు ఈశ్వరరావుకూ తెలుసు.

“ముందు మనింటి నుంచే మొదలెడదాం.” ఈశ్వరరావు ఉత్తరాన్నీ పెన్నునూ భార్య ఒళ్ళో పెట్టాడు. మాట మాత్రం బతిమాలుతున్నట్టుంది. “పెట్టు రాధా.”

రాధారాణి ఉత్తరం చదివింది. నూకరాజు పేరు రెండుసార్లు ఉంది, ‘నిర్లక్ష్యం’ మూడుసార్లు. ఇందాక గడపలో సరిచేసి పెట్టిన చెప్పు కళ్ళముందు మెదిలింది. పెన్నుకు మూత పెట్టేసింది.

“పెద్దమ్మా,” అంది సింహాచలమ్మ వైపు తిరిగి. “ఆయన జేబులో ఉన్నది టెక్నికల్ కాదు. నీ చెయ్యి ఎలా విరిగిందో అందులో ఉంది. రాసింది నేను.”

ఇరవై కుర్చీలూ ఒక్కసారి కిర్రుమన్నాయి. సింహాచలమ్మ మొహంలో నవ్వు ఇంకా ఉంది గాని, అది ఎటు పోవాలో తెలియక అక్కడే నిలబడిపోయింది. రాధారాణిని చూసింది. ఈశ్వరరావును చూసింది. బాగున్న ఎడమచెయ్యి ముందుకు చాచింది.

“ఇటు తే ఈశ్వర్రావూ.”

ఈశ్వరరావు అరచెయ్యి జేబు మీద పడి, వదలనన్నట్టు అదిమి పట్టుకుంది.